ఓటు ఇచ్చిన రాజ్యం చదువు బాకీ పడింది

బ్రిటిష్ పాలనలో ఆస్తో, చదువో ఉన్న కొద్దిమందికే దక్కిన ఓటును మన రాజ్యాంగం వయోజనులందరికీ ఇచ్చింది. 1951 నాటికి అక్షరాస్యులు 18 శాతమే అయినా చదువును అర్హతగా పెట్టలేదు. ఆ నమ్మకం వమ్ము కాలేదు. అయితే ఆ ఓటరుకు చదువు నేర్పే పనిని మాత్రం రాజ్యం తన విధిగా తీసుకోలేదు. 21ఎ అధికరణం కింద విద్య 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే హక్కు. బడి అందకుండానే ఆ వయసు దాటిపోయినవారి చదువు పథకాల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడింది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతమే. ఏడేళ్లు దాటిన ప్రతి ముగ్గురిలో ఒకరికి చదవడం, రాయడం రాదు.

వయోజన విద్యా కేంద్రమంటే సంతకం నేర్పే చోటు అనుకునేవారు నెల్లూరు జిల్లాను గుర్తు చేసుకోవాలి. 1990ల తొలినాళ్లలో అక్కడ సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రిళ్లు అక్షరాస్యతా కేంద్రంలో పలక పట్టారు. వారి వాచకంలోని సీతమ్మ కథ సారా మీద మహిళల పోరాటాన్ని చెప్పింది. దూబగుంట గ్రామ మహిళలు సారా దుకాణాన్ని మూయించారు, ఆ ఉద్యమం జిల్లా అంతటా పాకి 1992లో సారా వేలంపాటలనే అడ్డుకుంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ కోపం వాచకం పుట్టించింది కాదు, ఏళ్ల తరబడి ఇళ్లలో రగులుతున్నదే. ఎవరింట్లో వారు ఒంటరిగా దిగమింగుతున్న ఆ బాధ నలుగురిలో మాటై, ఊరి నిర్ణయంగా మారడానికి ఆ కేంద్రం చోటిచ్చింది. ప్రజాస్వామ్యానికి కావలసింది సరిగ్గా ఇలాంటి చోటే.

పిల్లలందరూ బడికి పోతున్నారు, ఒక తరం గడిస్తే సమస్య తీరిపోతుందనే వాదన ఉంది. అంటే ఇప్పుడు బతికున్న కోట్లమంది పౌరులు గతించేదాకా వేచి ఉండమనా? ఫోనే చదివి వినిపిస్తోంది కదా అని మరికొందరంటారు. ఫోను వినిపించిన షరతులకు తల ఊపడం వేరు, అప్పు పత్రంలో వడ్డీ గడిని వేలుపెట్టి చూపి నిలదీయడం వేరు. గత పథకాల్లో లెక్కలు ఉబ్బించారన్న విమర్శ మాత్రం నిజమే. దానికి మందు స్వతంత్ర తనిఖీ, కేంద్రాల మూసివేత కాదు. అసలు అన్యాయం హరియాణాలో జరిగింది. పంచాయతీ అభ్యర్థులకు చదువు తప్పనిసరి చేస్తూ 2015లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు సైతం సమర్థించింది. చదువు చెప్పని రాజ్యమే చదువు లేదని పౌరుణ్ని పోటీ నుంచి తప్పించింది!

2009లో మొదలైన సాక్షర భారత్ పథకం పంచాయతీకొక వయోజన విద్యా కేంద్రాన్ని, నెలకు 2 వేల రూపాయల గౌరవ వేతనంతో ఇద్దరు ప్రేరక్‌లను (కేంద్ర నిర్వాహకులను) ఇచ్చింది. అరకొరే అయినా ఊళ్లో ఒక గది, అడగడానికి ఒక మనిషి ఉండేవారు. 2018 మార్చితో అదీ ముగిసింది. ఇప్పుడున్న ఉల్లాస్ పథకం 2022-27 మధ్య 5 కోట్ల మందికి 1,037.90 కోట్ల రూపాయలు కేటాయించింది. తలకు రెండు వందల రూపాయల పైచిలుకు, అదీ మొత్తం అయిదేళ్లకు! బోధన భారమంతా విద్యార్థుల వంటి జీతం లేని స్వచ్ఛంద సేవకులదే. వారి సేవాభావాన్ని శంకించనక్కర్లేదు. కానీ పరీక్షలు రాగానే, ఉద్యోగం దొరకగానే వెళ్లిపోయే విద్యార్థుల మీద ఊరి చదువును నిలపడం సాధ్యం కాదు.

రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రతి గ్రామ పంచాయతీలో, పట్టణ పేదల వాడల్లో శాశ్వత వయోజన విద్యా కేంద్రాన్ని తెరవాలి. శిక్షణ పొందిన బోధకులకు కనీస వేతనానికి తగ్గకుండా జీతమివ్వాలి. ఉపాధి హామీ, భూమి హక్కులు, పొదుపు సంఘాల లెక్కలు, గ్రామసభ తీర్మానాలే అక్కడ పాఠాలు కావాలి. వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు ప్రత్యేక పద్దు చూపాలి.