విస్కోజ్ ప్లాస్టిక్ కాదు, సరే. మధ్యలో జరిగేదాని మాటేమిటి?

కలప గుజ్జుతో చేసిన వెట్ వైప్స్, వెదురు టవళ్లు, సెల్లోఫేన్ సంచుల గురించి వస్తున్న కథనాలన్నీ ఒకే వాక్యంతో ముగుస్తున్నాయి: ఇది ప్లాస్టిక్ కాదు, మట్టిలో కలిసిపోతుంది. పైన మరో పూత వేయనంతవరకు అది నిజమే. తేమకు తట్టుకోవడానికి సెల్లోఫేన్‌కు తరచూ పూత వేస్తారు, ఆ ముక్క ఎవరూ రాయరు. అదలా ఉంచుదాం. 'ప్లాస్టిక్ కాదు' అన్న తీర్పు ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు? దాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశం సహజ పాలిమర్లను వదిలేసింది. అయితే వాటికి రసాయనిక మార్పు జరిగి ఉండకూడదని షరతు పెట్టింది. గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ పట్టించి, ఆమ్లంలోకి పిండిన విస్కోజ్‌కు మార్పు జరగలేదని ఎలా అంటాం? అనవచ్చనే యూరోపియన్ కమిషన్ 2021 మార్గదర్శకాల్లో తేల్చింది. దానికి ఆధారం రసాయనాలను నియంత్రించే రీచ్ నిబంధన. మధ్యలో ఏ రసాయన ప్రక్రియ నడిచినా, పదార్థపు రసాయన నిర్మాణం చివరికి మారకుండా ఉంటే మార్పు లేనట్టే. ఆ పరీక్షలో విస్కోజ్, లయోసెల్, సెల్లోఫేన్ లాంటి సెల్యులోజ్ ఫిల్మ్ గట్టెక్కాయి. సెల్యులోజ్ అసిటేట్ గట్టెక్కలేదు, ఎందుకంటే దానికి తగిలించిన అసిటేట్ చివరిదాకా దాన్ని వదలదు. సిగరెట్ ఫిల్టర్ ప్లాస్టిక్ పద్దులో పడింది ఇందుకే.

ఈ గీత మన రెండు ఊళ్ల మధ్య నుంచి కూడా పోతుంది. కాగజ్‌నగర్ సర్‌సిల్క్ తీసిన అసిటేట్ దారం ఈ లెక్కన ప్లాస్టిక్. మంగపేట మండలం కమలాపురంలో ఏపీ రేయాన్స్ పెట్టిన మిల్లు తీసిన గుజ్జుతో అయ్యే విస్కోజ్ ప్లాస్టిక్ కాదు. రెండు మిల్లులూ మూతపడ్డాయి గానీ తేడా మాత్రం పోగు అంటించి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. విస్కోజ్ కాగితంలా భగ్గున మండి బూడిదవుతుంది. అసిటేట్ కరిగి, పుల్లటి ఘాటుతో నల్లటి పూసలా గట్టిపడుతుంది.

రసాయన శాస్త్రం ప్రకారం కమిషన్ తప్పేమీ చేయలేదు. విస్కోజ్‌లో సెల్యులోజ్ గొలుసులు పొట్టివవుతాయి, స్ఫటికాల అమరిక మారుతుంది, తడిస్తే దాదాపు సగం బలం పోతుంది. అయినా గొలుసులోని గ్లూకోజ్ లంకెలు అవే. నా అభ్యంతరం వేరు. ఈ చట్టం లోపలికి వెళ్లినదాన్ని, బయటికి వచ్చినదాన్ని పోల్చి చూసి, మధ్యలో జరిగినదాన్ని వదిలేసింది.

మధ్యలో జరిగేది ఇది. గుజ్జు పలకలను దాదాపు 18 శాతం కాస్టిక్ సోడాలో నానబెట్టి, పిండి, తురిమి, మాగబెడతారు. మూసిన పాత్రలో కార్బన్ డైసల్ఫైడ్ చేర్చగానే తెల్లటి తురుము నారింజ రంగుకు తిరుగుతుంది. దాన్ని పల్చటి కాస్టిక్‌లో కరిగించి, వడగట్టి, వెంట్రుకంత రంధ్రాల గుండా సల్ఫ్యూరిక్ ఆమ్లపు తొట్టిలోకి నెడతారు. అక్కడ సెల్యులోజ్ మళ్లీ సెల్యులోజ్‌గా గట్టిపడుతుంది. పట్టించిన కార్బన్ డైసల్ఫైడ్ విడిపోయి బయటపడుతుంది, అందులో కొంత హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. చట్టం మెచ్చుకున్న 'మార్పు లేకపోవడం' అర్థం ఇదే: విషం దారంలో మిగల్లేదు, కాబట్టి ఇంకెక్కడికో పోయింది. యంత్రంలోనే పట్టుకోకపోతే స్పిన్నింగ్ హాల్లో నిలబడ్డవాడి ఊపిరిలోకి పోతుంది.

ఆ ఊపిరి ఏం చేస్తుందో కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. నరాలు, మెదడు, గుండె దెబ్బతింటాయి. మన 1948 కర్మాగారాల చట్టం మూడో షెడ్యూలు సర్కారుకు తప్పక తెలపాల్సిన వృత్తి వ్యాధుల్లో కార్బన్ డైసల్ఫైడ్ విషప్రభావాన్ని చేర్చింది. దేశంలో తొలి రేయాన్ (విస్కోజ్ దారానికి మరో పేరు) ఫ్యాక్టరీ, కేరళ పెరుంబావూరులోని ట్రావంకూర్ రేయాన్స్, ఉత్పత్తి మొదలుపెట్టింది 1950లో. అంటే దారం కంటే ముందే జబ్బు చట్టానికెక్కింది. దక్షిణ కొరియాలో వన్‌జిన్ రేయాన్ జపాన్‌లో వాడిన పాత యంత్రాలను తెచ్చుకుంది. వందలాది మంది కార్మికులు విషప్రభావానికి గురయ్యాక 1993లో మూతపడింది. ఆ యంత్రాలు అక్కడితో ఆగలేదు, చైనాకు అమ్ముడుపోయాయి.

సెల్యులోజ్ మీద నాకు పగ లేదు. విలెమ్ కోల్ఫ్ 1943లో నెదర్లాండ్స్‌లో తొలి కృత్రిమ మూత్రపిండాన్ని సెల్లోఫేన్ గొట్టంతోనే నడిపాడు. పైగా వేరే దారి కూడా ఉంది. లయోసెల్‌లో గుజ్జును ఎన్‌ఎంఎంఓ అనే ద్రావణిలో నేరుగా కరిగించి, నీటిలో దారం తీసి, ద్రావణిని 99 శాతానికి పైగా తిరిగి రాబట్టుకుంటారు. దీనికి ఖర్చు ఎక్కువ, తడిలో నలిగితే దారానికి నూగు లేస్తుంది. కార్బన్ డైసల్ఫైడ్‌లో చాలా భాగాన్ని పట్టుకునే విస్కోజ్ ప్లాంట్లూ లేకపోలేదు. కానీ యూరప్ మార్గదర్శకాలు లయోసెల్‌నీ, పట్టుకునే ప్లాంటునూ, గాలికి వదిలేసే ప్లాంటునూ ఒకే వరసలో కూర్చోబెట్టాయి. ఖర్చు పెట్టినవాడికి దక్కేదేమీ లేదు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దారి నాకు నచ్చుతుంది. రేయాన్‌ను వెదురు బట్టగా అమ్మారని 2022లో వాల్‌మార్ట్, కోల్స్ సంస్థలపై కేసు పెట్టింది. రెండూ కలిపి 55 లక్షల డాలర్లు కట్టేందుకు ఒప్పుకున్నాయి. ఆ ఫిర్యాదు పేరు దగ్గరే ఆగలేదు. తయారీలో విషపూరిత రసాయనాలు వాడుతూ పర్యావరణ హితమని ఎలా చెప్పుకుంటారని నిలదీసింది.

విస్కోజ్ తయారీలో ముందువరసలో ఉన్న దేశం మనది. ప్లాస్టిక్ నిబంధనల్లో మినహాయింపు కోరే సెల్యులోజ్ సరుకు ఏదైనా టన్నుకు ఎంత కార్బన్ డైసల్ఫైడ్ వాడారో, ఎంత తిరిగి పట్టుకున్నారో, స్పిన్నింగ్ హాలు గాలిలో ఎంత ఉందో బహిరంగంగా చెప్పాలి. చెప్పని సరుకుకు మినహాయింపు ఇవ్వనక్కర్లేదు. వ్యాపార రహస్యం అంటారు. జబ్బును సర్కారుకు తెలపాలని చట్టమే చెబుతుంటే, ఆ జబ్బు తెచ్చే వాయువు లెక్క రహస్యం ఎట్లా అవుతుంది?