టమాటా ఎవరి మాట?



పోయిన వారం రాత్రి మెస్సులో జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఆరో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముడొకడు పళ్ళెం పట్టుకుని, "అక్కా, బిలాతి బాయిగొణొ కూర ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. వాడిది ఒడిశా సరిహద్దు ఊరు. వాళ్ళింట్లో టమాటాని అలాగే అంటారు. లైనంతా పడీ పడీ నవ్వింది. ఆ రాత్రి నుంచి వాడి పేరే "బిలాతి" అయిపోయింది. దాచడమెందుకు, నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత గమనించాను. వాడు రెండోసారి కూర అడగడం మానేశాడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మనం ఎందుకు నవ్వాం? వాడు తప్పు మాట అన్నాడని, సరైన మాట "టమాటా" అని. మరి ఈ టమాటా ఎవరి మాట? ఇంగ్లీషు వాళ్ళదా? కాదు. అది ఆదివాసుల మాట!

మెక్సికో దేశంలో నహువా అనే మూలవాసులున్నారు. వాళ్ళ భాష పేరు నహువాట్ల్. ఇలాంటి రసం కాయల్ని వాళ్ళు "టొమాట్ల్" అనేవారు. అందులో ఎర్రగా పండేదాన్ని "షీటొమాట్ల్" అనేవారు. 1521లో స్పెయిన్ సైన్యం వాళ్ళ రాజధానిని పట్టుకుంది. రాజ్యం పోయింది గానీ మాట పోలేదు. స్పెయిన్ వాళ్ళకి చివర "ట్ల్" పలకడం రాక "తొమాతె" అన్నారు. ఇంగ్లీషులో అది "టొమాటో" అయింది, హిందీలో "టమాటర్", మన దగ్గర "టమాటా". ఆ భాషని ఈనాటికీ పది లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. అంత పెద్ద సైన్యం వాళ్ళు తప్పు పలికితే అది కొత్త మాట అయింది. మన తమ్ముడు వాళ్ళమ్మ నేర్పిన మాట సరిగ్గా పలికితే నవ్వులాట అయింది. ఇది న్యాయమేనా?

ఇక పేర్ల సంగతి చూడండి. ఇటలీ వాళ్ళు టమాటాని "పొమొదోరొ" అంటారు. అంటే బంగారు ఆపిల్. ఫ్రాన్సులో, ఇంగ్లండులో ఒకప్పుడు ప్రేమ ఆపిల్ అన్నారు. హంగేరీ వాళ్ళు "పారదిచొమ్" అంటారు, ఆ మాటకి స్వర్గమని కూడా అర్థం. ఇరాన్‌లో దాన్ని ఫరంగి ప్లమ్ పండు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, అంటే విదేశీ ప్లమ్ పండు అని. చైనా వాళ్ళు "ఫాన్‌చియె" అంటారు. దాని అర్థం ఏమిటో తెలుసా? విదేశీ వంకాయ! బిలాతి బాయిగొణొ అంటే కూడా అదే, సీమ వంకాయ అని. చైనా వాళ్ళకీ మన తమ్ముడి ఊరి వాళ్ళకీ ఒకటే ఊహ వచ్చింది. మనం మాత్రం సీమచింతకాయ అని రోజూ అంటూ, బిలాతి అంటే నవ్వుతాం.

టమాటా వంకాయలా ఎక్కడుంది అని కొందరు అడిగారు. సైన్సు చదివిన వాళ్ళు ఒకసారి ఆలోచించండి. 1544లో ఇటలీ వైద్యుడు మత్తియోలి టమాటా గురించి రాసినప్పుడు అదొక కొత్త రకం వంకాయ అన్నాడు. 1753లో లిన్నేయస్ టమాటాని వంకాయ ఉన్న "సొలానం" ప్రజాతిలోనే పెట్టాడు. తర్వాత మిల్లర్ అనే ఆయన విడదీసి "లైకోపెర్సికాన్" అన్నాడు, అంటే తోడేలు పీచు పండు. ఈ మధ్య జన్యువుల్ని పరీక్షించి మళ్ళీ సొలానంలోకే తెచ్చారు. పువ్వుని చూసి, ఆకుని చూసి వంకాయకి చుట్టమని పల్లె జనం ముందే చెప్పారు.

మా అమ్మమ్మ టమాటాని రామ్ములక్కాయ అంటుంది. దానికీ క్లాసులో నవ్వారు. ములక్కాయ పొడుగ్గా ఉంటుంది కదా అని. ఇది సాంబారులో వేసే మునగ కాదు. గట్ల మీద ముళ్ళతో పాకే నేలములక, అదే వాకుడు, చూశారు కదా. ఆ ములకకి ఇది చుట్టం. నేలములక కూడా సొలానమే. చిత్తూరు వైపు కొందరు తమిళుల్లాగా తక్కాళి అంటారు. ఎవరి పేరు వాళ్ళకి అర్థవంతంగానే ఉంది.

పలకడంలోనూ అంతే. ఇంగ్లీషు పీరియడ్‌లో టొమాటోనా టొమేటోనా అని దెబ్బలాడుకున్నాం. ఇంగ్లండు వాళ్ళు "మా" అంటారు, అమెరికా వాళ్ళు "మే" అంటారు. 1937లో వచ్చిన ఒక అమెరికా సినిమాలో ఈ తేడా మీద పాటే ఉంది. వాళ్ళలో వాళ్ళకే కుదరనిదానికి మనం ఒకర్నొకరం ఎక్కిరించుకోవడం ఎందుకు?

"మరి పరీక్షలో ఎవరింటి మాట వాళ్ళు రాస్తే మార్కులు పడతాయా?" అని ఒక అన్న అడిగాడు. మంచి ప్రశ్నే. పడవు. అందరికీ తెలిసిన మాట నేర్చుకోవాల్సిందే. కానీ కొత్త మాట నేర్చుకోవడానికి ఇంటి మాటని పారేయక్కర్లేదు. భయపడి నోరు మూసుకున్నవాడికి కొత్త మాట కూడా రాదు. కూరే అడగలేనివాడు క్లాసులో డౌటు ఎలా అడుగుతాడు?

వార్డెన్ సార్‌కు ఒక విన్నపం. మెస్సు బోర్డు మీద రోజూ "టమాటా పప్పు" అని రాస్తున్నారు. దాని కింద మన పిల్లల ఇళ్ళల్లో అనే పేర్లు కూడా రాయనివ్వండి. ఒక సుద్దముక్క చాలు, ఖర్చేమీ లేదు. మిత్రులారా, మీ ఇంట్లో టమాటాని ఏమంటారో చీటీ మీద రాసి నాకు ఇవ్వండి. వచ్చే గోడ పత్రికలో అన్నీ వేస్తాం.

ఈ రాత్రి నేను ఆ తమ్ముడి పక్కన కూర్చుంటాను. వాడి పేరు పెట్టి పిలుస్తాను. వాడికంటే ముందు నేనే అడుగుతాను, "అక్కా, బిలాతి బాయిగొణొ ఇంకొంచెం" అని. నవ్వాలనుకునేవాళ్ళు నన్ను చూసి నవ్వండి.

– 9వ తరగతి విద్యార్థి