చోటు చెప్పని నాణెం

వేసవిలో గోదావరి పాయలు సన్నబడి ఇసుక మేటలు తేలితే రేవుల్లో రెండు రకాల వేటగాళ్లు కనిపిస్తారు. మొదటి రకం, వంతెనల కింద తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరే కుర్రాళ్లు. రైల్లో పోతూ జనం గోదారమ్మకు దణ్ణం పెట్టి వేసిన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు దానికి అంటుకుని పైకొస్తాయి. ఈ కుర్రాళ్లతో ఎవరికీ పేచీ లేదు. వాళ్ల అయస్కాంతానికి అంటేది ఈ కాలపు స్టీలు బిళ్లలే. రాగి, సీసం, వెండి దానికి అంటవు. రెండో రకం వాళ్లు వెతికేది సరిగ్గా ఆ అంటనివాటినే. ఈ వ్యాసం వాళ్ల గురించి, వాళ్లను వెనకేసుకొచ్చే మాటల గురించి.

ఆ మాటలు అందరూ విన్నవే. ఏటి ఒడ్డున దొరికింది దొరికినవాడిదే. చెబితే సర్కారు లాక్కుంటుంది, పైగా పోలీసు స్టేషన్ చుట్టూ తిప్పుతారు. ఎటూ వరదకు కొట్టుకుపోయే నాణేన్ని ఏరి దాచినవాడు దాన్ని కాపాడినట్టే కదా, అందులో తప్పేముంది? రేవుల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఈ వాదన చెలామణీలో ఉంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అది తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి తెలుగు నేల మీద కోటిలింగాలను మించిన సాక్ష్యం లేదు.

నేటి జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న పల్లె కోటిలింగాల. అక్కడి మట్టిదిబ్బల మీద, ఒడ్డున వానలకు పైకి తేలిన చిన్న చిన్న బిళ్లలను చరిత్ర మీద మమకారమున్న స్థానికులు ఏరి దగ్గర పెట్టారు. శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది బ్రాహ్మీ అక్షరాలను చదివి లోకానికి చాటారు. గోభద, నారన, కంవాయ, సమగోప. అప్పటిదాకా ఏ పురాణంలోనూ కనిపించని రాజుల పేర్లు! శాతవాహనులకు ముందే ఇక్కడ తమ పేరుతో నాణేలు వేయించినవాళ్లు ఉన్నారని వాటితోనే తెలిసింది. అదే చోట ఛిముక పేరున్న నాణేలూ దొరికాయి. పురాణాలు శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడు ఇతడేనని పండితులు గుర్తించారు. శాతవాహనుల తొలి నెలవు ఎక్కడన్న పాత వివాదంలో తెలంగాణ పేరు గట్టిగా వినబడింది ఆ తర్వాతే. పురావస్తువేత్త డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది.

ఇప్పుడు ఇదే కథను మరోలా ఊహించుకోవాలి. ఆ బిళ్లలను ఎవరో ఒకరు ఏరుకుని, ఎక్కడ దొరికాయో చెప్పకుండా పట్నంలో అమ్మేశారనుకుందాం. నాణెం అదే, అక్షరాలు అవే. గోభదుడి పేరు అప్పుడూ చదివేవాళ్లం. కానీ అతనిది ఏ నేలో, ఏ నది ఒడ్డో ఎన్నటికీ తేలేది కాదు. ఛిముకుడి నాణెం ఏ ఊరికీ సాక్ష్యం చెప్పలేకపోయేది. ఆ బిళ్లకు లోహం ధర కట్టినా, సేకరణకర్తలు ఎంత ధర పెట్టినా దాని అసలు విలువ దొరికిన చోటులో ఉంది. ఆ చోటు పోతే తిరిగి తేలేం.

కాబట్టి 'కాపాడాను' అనేవాడిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ చోట, ఎంత లోతులో, దేని పక్కన? జవాబు చెప్పగలిగితే అతను కోటిలింగాల స్థానికుల వరసలోవాడు. చెప్పలేకపోతే, చెప్పకూడదనుకుంటే, అతను చేసిన నష్టం వరద చేసిన నష్టం కన్నా తక్కువేమీ కాదు.

ఇంటికి తెచ్చాక జరిగేది ఇంకో ఘోరం. పచ్చగా పట్టిన రాగిబిళ్లను చింతపండు పెట్టి తోముతారు. మెరుపు రావాలి కదా! పులుపుకు పచ్చపొర కరిగిపోతుంది, పీచు రుద్దుడుకు అక్షరాల అంచులు అరిగిపోతాయి. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన రాజు పేరు అరగంటలో చెరిగిపోతుంది. చేతిలో మిగిలేది తళతళలాడే గుండ్రని రాగిముక్క.

'లక్షలు పలుకుతుంది' అన్న ఆశ కూడా ఈ వేటను ఎగదోస్తోంది. పాత నాణేలకు, నోట్లకు భారీ ధర ఇప్పిస్తామంటూ కమీషన్లు గుంజే మోసగాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించాల్సి వచ్చింది. ఆశ ముదిరితే గుప్తనిధుల పిచ్చి అవుతుంది. నిధి కోసం పాడుబడ్డ గుళ్లలో నందుల్ని పగలగొట్టిన వార్తలు రాయలసీమ, తెలంగాణ పాఠకులకు కొత్త కాదు. ప్రభుత్వాలూ ఈ జాడ్యానికి అతీతం కావు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి ఉందన్న మాట మీద అధికారికంగానే తవ్వకాలు చేయించారు. నిధి దొరకలేదు.

కృష్ణ ఒడ్డున ఉన్న బౌద్ధ స్తూపం, అమరావతి మహాచైత్యం, చోటు చూడకుండా వస్తువును తరలించే ఈ బుద్ధికి అన్నిటికన్నా పెద్ద మూల్యం చెల్లించింది. 18వ శతాబ్దం చివర జమీందారు మనుషులు కట్టడాల కోసం దిబ్బను తవ్వి రాళ్లు తరలించారు. బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1798లో చూసి, 1816లో తిరిగి వచ్చేసరికి స్తూపం నడుమ గుంట మిగిలింది. చెక్కడాల్లో చాలాభాగం నేడు చెన్నైలో, లండన్‌లో ఉంది. కానీ ఏ ఫలకం ఏ వరసలో, దేని పక్కన నిలిచేదో ఈనాటికీ పండితులు ముక్కలు కలుపుతూ ఊహించాల్సి వస్తోంది. రాళ్లు మిగిలాయి, చోటు పోయింది.

ఇక 'సర్కారు లాక్కుంటుంది' అన్న భయం. ఈ భయంలో సగం తెలియనితనం, సగం నిజం. బ్రిటిష్‌వాళ్లు 1878లో చేసిన ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, మట్టిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు పడవచ్చు. చెబితే మాత్రం ఆ చట్టం దొరికినవాణ్ణి వట్టి చేతులతో పంపదు. పాత హక్కుదారుడు తేలకపోతే, నేల యజమానితో వేరే ఒప్పందం లేకపోతే, ముప్పావు వంతు అతనికే ఇస్తుంది. ఈ ముక్క రేవుల్లో ఎవరికీ తెలియదు, చెప్పేవాళ్లూ లేరు.

నిజమైన సగం మరొకటుంది. ప్రభుత్వం ఆ సొత్తును తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తే చాలని అదే చట్టం అంటుంది. బంగారానికి అది ఎంతోకొంత న్యాయం. కానీ గోభదుడి పేరు మోసిన బిళ్లకు వట్టి లోహం ధర! చరిత్రనే మార్చిన నాణేనికి ఇచ్చే గౌరవం ఇదే అయితే, పేదవాడు నోరు మూసుకుంటే తప్పు అతనొక్కడిదే అనలేం. ఈ లెక్క మారాలి. లోహానికి కాదు, సమాచారానికి పారితోషికం ఇవ్వాలి. దొరికినవాడి పేరు మ్యూజియం పలక మీద రాయాలి.

ఇది గాలిలో మేడ కాదు. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున పాత వస్తువులు వెతకాలంటే రేవు సంస్థ అనుమతి పత్రం కావాలి. మూడు వందల ఏళ్లు దాటిన వస్తువు దొరికితే మ్యూజియంకు చూపించి నమోదు చేయించాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో సామాన్యులకు దొరికినవాటిని నమోదు చేసే పథకం 1997లో మొదలైంది. ఆ పట్టికలో ఇప్పుడు పది లక్షలకు పైగా వస్తువులున్నాయి. వెతికేవాణ్ణి తరిమేయలేదు, చోటు చెప్పేలా చేసుకున్నారు.

మన దగ్గర ఆ పని ఒక మండల కార్యాలయం నుంచే మొదలుపెట్టవచ్చు. రేవు దగ్గర ఒక బోర్డు: దొరికితే తోమకండి, దొరికిన చోటు ఫొటో తీయండి, ఈ నంబరుకు చెప్పండి. దాంతో పాటు ఇసుక రీచ్‌కు అనుమతి ఇచ్చేముందు పురావస్తు శాఖ మనిషి ఒకసారి ఒడ్డు చూసి రావాలి. జేసీబీ తొట్టిలో పడ్డ నాణెం ఇసుకతో కలిసి ఏ ఇంటి శ్లాబులోకో చేరితే దాన్ని ఇక ఏ పండితుడూ చదవలేడు.

కోటిలింగాల ఒడ్డులో కొంతభాగం ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. అక్కడ మళ్లీ ఏరడానికి వీల్లేదు. ఆ దిబ్బ గురించి ఈ రోజు తెలిసినదాంట్లో చాలాభాగం, నీళ్లు రాకముందు కొందరు తమకు దొరికినదాన్ని, దొరికిన చోటుతో సహా చెప్పినందువల్ల తెలిసిందే.