ఇనుముకి కంట్రోల్ జెడ్ లేదు

సంక్రాంతికి ఊరెళ్తే నాన్న కారు గురించే మొదలుపెట్టారు. "పెట్రోలు తాగేస్తోందిరా. ఇంజిన్ లైటు ఆరట్లేదు." మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సోమవారం అమ్మని రాజమండ్రిలో కంటి డాక్టరుకి చూపించాలి. బీటెక్ చదివి హైదరాబాద్‌లో కోడ్ రాసేవాణ్ణి, ఈమాత్రం చెయ్యలేనా అనుకున్నా. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్ వైపు చూపించింది.

సైలెన్సర్ గొట్టంలోకి స్పార్క్ ప్లగ్గులా బిగించి ఉంటుందది. పొగలో ఆక్సిజన్ ఎక్కువుంటే 0.1 వోల్టు దగ్గర, తక్కువుంటే 0.9 వోల్టు దగ్గర సిగ్నల్ ఇస్తుంది. దాన్ని బట్టే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు కొలిచి పోస్తుంది. అది తప్పు చెబితే మైలేజీ పోతుంది.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద 22 సైజు పానా వేసి బలమంతా పెట్టి తిప్పాను. కీచుమంటూ ఊడొచ్చింది. దాంతోపాటు ఇనుప రజనూ వచ్చింది. అప్పుడైనా ఆగాలా? కొత్త సెన్సార్ పెట్టి, వేళ్లతో తిరక్కపోతే పానాతో తిప్పా. వంకరగా ఎక్కి ఇరుక్కుపోయింది. స్టార్ట్ చేస్తే ట్రాక్టర్ సౌండు. కోడ్ తప్పయితే కంట్రోల్ జెడ్ నొక్కుతాం. ఇనుముకి ఆ సదుపాయం లేదు.

అద్దాలన్నీ దించుకుని, నాన్నతో కలిసి అమలాపురంలో ఒక షెడ్డుకి వెళ్లాం. పెద్దాయన లైటేసి చూసి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "చల్లారిన బండి మీద పానా ఎయ్యకూడదు బాబూ."

ముందు ఇంజిన్ వేడెక్కించి, తుప్పు వదిలే నూనె కొట్టి, నా సెన్సార్‌ని కొంచెం ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఓపిగ్గా తీశాడు. అదృష్టం, పైన రెండు చుట్లే నలిగాయి, లోపలివి బాగున్నాయి. 18 మిల్లీమీటర్ల, 1.5 పిచ్ ట్యాప్ తీసి దాని గాళ్లలో గ్రీజు నింపాడు, రజను గొట్టంలో పడకుండా దానికే అంటుకోవాలని. నిటారుగా నిలబెట్టి, పాత దారి దొరికేదాకా వేళ్లతోనే తిప్పాడు. తర్వాత అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. మధ్యలో బయటికి తీసి తుడిచి, మళ్లీ గ్రీజు.

"థ్రెడ్లు పూర్తిగా పోతే?" అడిగా. ఆ ముక్క కోసేసి లేత్ మీద కొత్త బుష్ చేయించి వెల్డింగ్ పెట్టాలట. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు తీసెయ్యాలట, లేకపోతే కంప్యూటర్‌కి ప్రమాదం.

కొత్త సెన్సార్ థ్రెడ్లకి మాత్రమే, మొనకి తగలకుండా, వేడికి పట్టెయ్యకుండా ఉండే పేస్టు రాశాడు. ఈసారి వేళ్లతోనే చివరిదాకా దిగింది. పానా ఆఖర్న బిగించడానికే. ఇంజిన్ చల్లారాక స్టార్ట్ చేసి సబ్బునీళ్లు పోశాడు. బుడగ రాలేదు. మీరూ ఎప్పుడైనా ప్రయత్నిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: వేళ్లతో తిరగనిదాన్ని పానాతో తిప్పకండి.

"ఏమైందండీ?" అన్నారు నాన్న. ఆయన నావైపు ఓసారి చూసి, "ఆయ్, సముద్రం దగ్గర కదండీ, ఉప్పుగాలికి పట్టేసిందండి" అన్నాడు. అబద్ధం కాదు. అలాగని మొత్తం నిజమూ కాదు.

దారిలో పది కిలోమీటర్లు మాట్లాడకుండా కూర్చున్నా. చివరికి, "నాన్నా, ఉప్పుగాలి కాదు, నేనే పాడుచేశా" అన్నా.

"తెలుసురా. పెరట్లో ఆ కీచు నాకూ వినపడింది." కాసేపాగి అన్నారు. "సోమవారం నువ్వే నడుపు. మీ అమ్మ నీ పక్కన కూర్చుంటానంది."