సలహాల వరద, మురుగు తీరని పొలము

మన ప్రభుత్వములకు దేనికి కొరత యున్నను సలహాలకు మాత్రము లేదు. 2014 మార్చిలో కేంద్రమువారు శివరామకృష్ణన్‌గారి అధ్యక్షతన నొక నిపుణ సంఘమును నియమించిరి. ఆ సంఘము ఆగస్టులో నివేదిక నొసగెను. సర్వమును ఒక్క మహానగరమున గుప్పింపవలదనియు, విజయవాడ గుంటూరుల నడుమనున్న సారవంతమగు భూమిని చెరుపవలదనియు, అభివృద్ధిని ప్రాంతములకు పంచవలెననియు దాని సారము. కొలది దినములకే, సెప్టెంబరు 4వ తేదీన, శాసనసభలో అందులకు విరుద్ధమగు ప్రకటన వెలువడెను. 2019లో ప్రభుత్వము మారెను. క్రొత్తవారు జి. ఎన్. రావుగారి సంఘమును, పిమ్మట బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు అను విదేశీయ సంస్థను సలహా యడిగిరి. 2020లో మూడు రాజధానుల శాసనము గావించి, 2021 నవంబరులో దానిని తామే రద్దుపరచిరి. ఒకరు వచ్చిన సలహాను త్రోసివేసిరి. మరియొకరు తమకు వలసిన సలహాను తెప్పించుకొనిరి. ఇరువురికిని నిపుణుడు పెండ్లి పురోహితుని వంటివాడు. ముహూర్తమును యజమాని నిశ్చయించును. మంత్రము మాత్ర మాయన చదువవలెను.

రాజధానిని గూర్చి వ్రాయుట నేటి మా యుద్దేశము కాదు. ఆ వివాదపు కోలాహలమున నెవ్వరికిని వినబడని మా డెల్టా మాట చెప్పవలసియున్నది.

2011వ సంవత్సరపు సార్వాలో కోనసీమ రైతులు నాగలి పట్టమనిరి. సుమారు లక్ష యెకరములు బీడువడినవని ఆనాటి పత్రికలు వ్రాసినవి. కాటన్‌దొర ఆనకట్ట వెలసిన పిమ్మట, కాలువలో నీరు పారుచుండగా రైతు తనంతట తాను ఊడ్పు మానుట యెంతటి వింతయో ఆలోచింపుడు! క్వింటాలు ధాన్యమునకు ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర ఆ యేడు 1080 రూపాయలు. కూలి పెరిగెను, ఎరువు పెరిగెను, కౌలు తరుగలేదు. కోత వేళకు తుపాను వచ్చినచో మురుగు పోవు దారి లేదు. అంతట ప్రభుత్వము మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందాగారి అధ్యక్షతన నొక సంఘమును పంపెను. సంఘము వచ్చినది, రైతుల మొర విన్నది, నివేదిక వ్రాసినది. పదునొకండేండ్లు గడచిన పిదప, 2022లో, కోనసీమ రైతులలో కొందరు మరల పంట విరామము ప్రకటించిరి. వారి మొర నించుమించుగా పాతదియే. మొదటి సంఘపు కాగితములనే దుమ్ము దులిపి చదివినచో సరిపోయెడిది.

ఇచట నొక మాట దాచరాదు. పంట విరామము వలన భూస్వామి కోల్పోయినది కొంత. ఊడ్పు కూలి లేక ఆ కాలమంతయు పస్తుండినవారు కోల్పోయినది యంతకు మించినది. భూమి తనది కాని కౌలుదారు ఇరువురి నడుమ నలిగెను. డెల్టాలో నాగలి పట్టువారిలో నధిక భాగము కౌలుదారులే యయ్యు, సలహాసంఘముల యెదుట మాటాడువారిలో వారెందరు?

మురుగు కథ మరింత పాతది. 1821లో 7 లక్షల 38 వేలుండిన రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెనని కుంఫిణీవారి లెక్కలే చెప్పుచున్నవి. కరవు, వలస, శిస్తుల భారము దీనికి హేతువులు. శిస్తు పడిపోగానే దొరల గుండె కరగెను. హెన్రీ మాంట్‌గొమరీ వచ్చి విచారించి 1844లో నివేదిక పంపెను. ఆ వెనుకనే ఆర్థరు కాటన్ ఆనకట్ట ప్రతిపాదించెను. 1847లో ధవళేశ్వరమున పని మొదలిడి 1852 నాటికి ముగించిరి. కాటన్‌దొరకు మా జనులు ఊరూర విగ్రహములు నిలిపిరి. ఆ కృతజ్ఞతను మేము కాదనము. అయినను ఆ సలహా యేల చెల్లెను? నీరు పారిన ప్రతి యెకరము నుండియు కుంఫిణీకి రాబడి తిరిగివచ్చును గనుక చెల్లెను. నీటిని తెచ్చు కాలువకు తీరువ కలదు. నీటిని కొనిపోవు కాలువకు రాబడి యేది? కనుకనే మొదటిదానిపై నున్న శ్రద్ధ రెండవదానిపై నెన్నడును లేకపోయెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మటనైన నీ లోపము తీరెనా? 1960ల నడుమ మిత్రా సంఘమువారు కృష్ణా గోదావరీ డెల్టాల మురుగును పరిశీలించి నివేదిక వ్రాసిరి. 1968లో ప్రభుత్వము ఆ పని పేర రైతుపై పన్ను వేయుటకు శాసనము చేసెను. పన్ను సంగతి త్వరగనే జ్ఞప్తికి వచ్చినది! నేడు యెనమదుర్రును, కౌశికను, తుల్యభాగను చూడబోవువారికి గుర్రపుడెక్క తివాచీ పరచినట్లు కానవచ్చును. సముద్రపు మొగలలో ఇసుక మేటవేయును. పోటువేళ ఉప్పునీరు వెనుకకు తన్నును. శివారు రైతుకు వేసవిలో నీరు రాదు, వానకాలమున నీరు పోదు.

ఇట్టి సీమను గూర్చి ఢిల్లీవారి పట్టికలు ఏమి చెప్పును? గోదావరి సీమ సంపన్నమని చెప్పును. 2014 విభజన శాసనము ననుసరించి వెనుకబడిన ప్రాంతములకు ప్రత్యేక సహాయము నొసగునపుడు రాయలసీమ నాలుగు జిల్లాలను, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలను లెక్కించి, జిల్లాకు ఏటికి 50 కోట్లు కేటాయించిరి. వారి కిచ్చినది స్వల్పమే; వారితో మాకు పోటీ లేదు. మా యాక్షేపణ వేరు. సగటు అను మేలిముసుగు వేసి డెల్టాను చూచువారికి కొబ్బరితోపు కనబడును గాని, దాని నీడనున్న కౌలుదారు కనబడడు. మా భూగర్భమున దొరకిన వాయువు కాకినాడ చెంతనున్న గాడిమొగ నుండి గుజరాతులోని భరూచి వరకు 1400 కిలోమీటర్ల గొట్టమున తరలిపోయెను. మా జిల్లాలలో వాయువునకై కట్టిన విద్యుత్కేంద్రములు వాయువు లేక యేండ్ల తరబడి మూతబడియుండెను. మాకు మిగిలినది 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన మంటయు, 2014 జూను 27న నగరము గ్రామమున ఇరువదిమందికి పైగా బలిగొన్న జ్వాలయు. ఈ జమాఖర్చు ఏ నివేదికలో నున్నది?

ఐరోపా దృష్టాంతమును మన పండితులు తరచుగా వాడుదురు గనుక మేమును వాడుదుము. అచట 1975లోనే ప్రాంతీయాభివృద్ధి నిధి యేర్పడెను. దేశమును గాక ప్రాంతమును లెక్కకు తీసికొని, తలసరి యుత్పత్తి ఐరోపా సగటులో నూటికి 75 పాళ్లకు తగ్గినచో నధిక సహాయము నొసగుట వారి పద్ధతి. 2009లో ఫాబ్రిజియో బర్కా వ్రాసిన నివేదిక మరియొక మెట్టెక్కినది. స్థలము నెరుగని విధానము చెల్లదనియు, ఆయా చోటివారి జ్ఞానమును బయటి నిపుణుల జ్ఞానముతో కలుపవలెననియు దాని వాదము. 2014 నుండి, పరిశోధనకు నూతన యుద్యమములకు ధనము కోరు ప్రాంతము తన బలమేదో తానే నిర్ణయించుకొని ముందుగా ప్రణాళిక వ్రాసి చూపవలెనను నియమము వచ్చెను. అక్కడ నంతయు స్వర్గమని మా భావము కాదు. ఇటలీ దక్షిణమున 1950 మొదలు 1984 వరకు ఒక ప్రత్యేక నిధి కోట్లు కుమ్మరించెను. రోమునగరమున కూర్చుండి కట్టించిన కర్మాగారములను అచటి ప్రజలే ఎడారిలోని దేవాలయములని యెగతాళి చేసిరి. ధనము లోపించి కాదు, అడుగవలసినవారి నడుగక చెడినది.

అడిగిన ఫలమెట్లుండునో చూచుటకు ఐరోపా దాక పోనక్కరలేదు, మారుటేరు చాలును. 1925లో వెలసిన ఆ వరి పరిశోధన కేంద్రమునుండి, ఈ నేలలో నిలువగల వంగడమును వెదకినవారి కృషి వలన, స్వర్ణ వచ్చెను. అది డెల్టాను దాటి ఒరిస్సా, వంగ దేశముల పొలములను నింపెను. బోస్టను నుండి వచ్చిన వంగడము కాదది!

మరి మన రాజ్యాంగము మాట యేమి? 1993లో అమలునకు వచ్చిన 243-జెడ్.డి. అధికరణము ప్రతి జిల్లాకు నొక ప్రణాళికా సంఘ ముండవలెననియు, అందు నైదింట నాలుగు పాళ్లు ఎన్నికైన ప్రతినిధులే యుండవలెననియు విధించెను. నీటి పంపకమును గూర్చి యోచించుట వారి ధర్మమని అక్షరాల వ్రాసియున్నది. ఆ సంఘము మా డెల్టా మురుగుపై నొక్క పుట ప్రణాళిక వ్రాసి యే రైతుకైన చూపెనా? పైగా 2022 ఏప్రిలులో రెండు గోదావరి జిల్లాలను ముక్కలు చేసిరి. కాలువ తల యొక జిల్లాలో, తోక వేరొక జిల్లాలో పడెను. ఆనకట్ట యొక్కటే, నది యొక్కటే. లేఖలు వ్రాసికొను కలెక్టరులు మాత్రము పెరిగిరి.

మా కోరిక యిది. డెల్టా జిల్లాల ప్రణాళికా సంఘములు రాజమహేంద్రవరమున నొక్కచోట కూడవలెను. మారుటేరు శాస్త్రజ్ఞులను, నన్నయ విశ్వవిద్యాలయపు అధ్యాపకులను, కాలువల ఇంజనీర్లను, కౌలు రైతులను, కూలీలను ఆ సభకు పిలువవలెను. ఒక్కొక్క మురుగుకాలువ పొడవెంత, లోతెంత, ఏయే శివారు మునుగుచున్నది, పన్ను పేర వసూలైనదెంత, పూడిక తీయుటకు వెచ్చించినదెంత, ఈ పట్టికను తెలుగున అచ్చువేసి గ్రామ పంచాయతీ గోడలపై నంటింపవలెను. జూను నెలలో కాలువలకు నీరు వదలుటకు ముందే యీ పని కావలెను. పిమ్మట నిపుణులు హైదరాబాదునుండి వచ్చినను, బోస్టను నుండి వచ్చినను, మొదట ఆ గోడను చదివి రమ్మందము.