ఈ వారం గ్రౌండు లేదంట

ఆదివారం పొద్దున ఆరున్నరకు తిరుపతిలో ఏ బడి ఆవరణలోకి తొంగిచూసినా ఒకటే సందడి. మూడు ఇటుకలు నిలబెడితే వికెట్లు. టెన్నిస్ బంతి, పాత బ్యాటు. బ్యాంకు గుమాస్తా, కొండకు జీపు తోలే డ్రైవరు, యూనివర్సిటీలో పీహెచ్‌డీ ఆరో ఏడు వెలగబెడుతున్న పెద్దమనిషి... అందరూ ఒకే జట్టు. బంతి గోడ దాటితే ఔటు. అవతల కారు అద్దం పగిలితే ఖర్చు కొట్టినవాడిది. అంపైరు లేడు కాబట్టి ఎల్బీడబ్ల్యూ కూడా లేదు. ఇంగ్లండులో పుట్టిన ఆటకు ఇంతకన్నా తెలివైన సవరణ ఎవరు చేయగలరు? ఓడినవాళ్లు అందరికీ కారం దోసె కొనిపెట్టాలి. అసలు పోటీ దానికే.

"రేయ్ మచ్చా, అది నోబాలు!" అని అరుపు వినబడిందంటే అది కచ్చితంగా చిత్తూరు సీమే. అరవదేశం పక్కనే ఉంది మరి.

అయితే ఏడాదిలో కొన్నిసార్లు ఇంకో మాట వినబడుతుంది. "ఈ వారం గ్రౌండు లేదంట." ఎందుకని ఎవరూ అడగరు. అది దేవుడి ఊరు. ఊరి నడిబొడ్డున ఉన్న ఇందిరా మైదానాన్నే తీసుకోండి. 2022 జనవరిలో అక్కడ జాతీయస్థాయి కబడ్డీ పోటీలు జరిగాయి. 2025 జనవరిలో అదే మైదానంలో దర్శనం టోకెన్ల కౌంటర్లు వెలిశాయి. ఎమ్మార్‌పల్లి, జీవకోన హైస్కూళ్లూ అంతే.

వైకుంఠ ద్వార దర్శనం ఒకప్పుడు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే. 2020 డిసెంబరు నుంచి పది రోజులు చేశారు. రోజులు పెరిగితే తోపులాట తగ్గాలి. కానీ అందరికీ ఆ మొదటి రోజే కావాలి! 2025లో మొదటి మూడు రోజులకు లక్షా ఇరవై వేల టోకెన్లు, జనవరి 9 తెల్లవారుజామున అయిదింటి నుంచి ఇస్తామన్నారు. జనం మాత్రం 8వ తేదీనే దిగిపోయారు. కౌంటరు తెరిచేదాకా వాళ్లెక్కడుండాలి, ఎవరి వెనక ఎవరు నిలబడాలి అన్నది అసలు చిక్కు. పది మంది ఆడే గల్లీ జట్టు కూడా ముందు బ్యాటింగ్ వరస చీటీ మీద రాసుకుంటుంది. అక్కడ వేలమందిలో ఒక్కరికీ తన వంతు ఎన్నోదో తెలియదు.

బైరాగిపట్టెడలో వచ్చినవాళ్లను పద్మావతి పార్కులో ఉంచారు. మామూలు రోజుల్లో అది ఊరివాళ్లు సాయంత్రం నడకకు వెళ్లే చోటు. ఆ రాత్రి లోపల ఒకామెకు ఒంట్లో బాగాలేకపోతే బయటికి తీసుకురావడానికి గేటు తీశారని అధికారులు చెప్పారు. టోకెన్లిస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆరుగురు చనిపోయారు. అందులో ఐదుగురు ఆడవాళ్లు. విశాఖ నుంచి, నర్సీపట్నం నుంచి, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. గాయపడినవాళ్లను రుయాకు, స్విమ్స్‌కు తరలించారు.

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాల కొదవ ఉండదు. దర్శనానికి ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. అందుకే ఇలాంటి వార్త ఇక్కడ పేపర్లో చదివే వార్తలా ఉండదు. "అత్తా, మీరెక్కడున్నారు?" అని ఫోన్లు చేసే వార్త.

విచారణ కమిషన్ వేశారు, బదిలీలు, సస్పెన్షన్లు జరిగాయి. అయితే 2022 ఏప్రిల్లోనే గోవిందరాజస్వామి సత్రాల దగ్గర ఇలాంటి తోపులాటలోనే ముగ్గురు గాయపడ్డారు. అప్పుడే గేటు గురించీ వరస గురించీ గట్టిగా ఆలోచించాల్సింది. బంతి గోడ దాటి అద్దం పగిలాక కొత్త రూలు పెట్టుకోవడం కుర్రాళ్లకు చెల్లుతుంది. దేవస్థానానికీ, పోలీసులకూ చెల్లదు.

2025 డిసెంబరు 30 వైకుంఠ ఏకాదశికి పద్ధతి మార్చారు. మొదటి మూడు రోజులకు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే లాటరీ తీశారు. రాత్రంతా మైదానంలో కాపుకాయాల్సిన పని పోయింది. ఫోను వాడడం రాని ముసలమ్మలకు మాత్రం కొత్త పని తగులుకుంది. బ్యాటు పట్టుకుని పోయే పక్కింటి కుర్రాణ్ని ఆపి, "అబ్బోడా, ఆట పోయొచ్చినాక మా ఇద్దరి పేర్లూ కొట్టి పెట్టు నాయనా," అని ఆధార్ కార్డులు చేతిలో పెట్టాలి.