పన్నెండేళ్లకే పెద్దవాడా?
బస్సులో, రైలులో పిల్లల టిక్కెట్టు లెక్క

విజయవాడ: "బాబుకు ఎన్నేళ్లమ్మా?"

డెల్టా పల్లెల్లో బస్సెక్కిన ప్రతి తల్లీ ఎప్పుడో ఒకప్పుడు కండక్టర్ వేసే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసినదే. "పన్నెండండీ" అంటుంది ఒకామె. "మనిషి పొడుగ్గానీ, చిన్నపిల్లాడేనండీ" అంటుంది మరొకామె. కండక్టర్ ఒకసారి కుర్రవాడి వంక, ఒకసారి తల్లి వంక చూసి, వెనుక సీట్ల వాళ్ల సలహాలు కూడా విని, హాఫ్ టిక్కెట్టు కొట్టడమో ఫుల్ టిక్కెట్టు కొట్టడమో చేస్తాడు. వుయ్యూరు దాటి పామర్రు వచ్చేదాకా ఆ మాటలు తెగవు.

తగాదా చిన్నదిగానే కనిపిస్తుంది. కాని పదమూడేళ్ల కుర్రవాడు పొరుగూరి హైస్కూలుకు రోజూ వెళ్లి రావడం ఇంటికి భారమవుతుందా లేదా అన్నది కొంతవరకు ఈ టిక్కెట్టు మీద ఆధారపడి వున్నది. అందుకని ఈ లెక్కను ఒకసారి పూర్తిగా చూడవలసి వున్నది.

నడుస్తున్న ఏడు, నిండిన ఏడు

ఆర్‌.టి.సి.లోనైనా రైల్వేలోనైనా మూలసూత్రం ఒకటే. 5 ఏళ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు లేదు. 5 నిండి 12 నిండని వారికి బస్సులోను, రైలు జనరల్ పెట్టెలోను సగం చార్జీ. 12 నిండితే పూర్తి చార్జీ.

చిక్కు "నిండిన" అన్న మాట దగ్గర వస్తున్నది. మన పల్లెల్లో వయస్సును నడుస్తున్న ఏడుతో చెప్పడం అలవాటు. "పన్నెండు" అని తల్లి అంటే చాలాసార్లు పదకొండు నిండి పన్నెండో ఏడు నడుస్తున్నదని అర్థం. ఆ పిల్లవాడికి హాఫ్ టిక్కెట్టు హక్కుగా రావలసినదే. ఉన్నది ఉన్నట్టు చెప్పిన తల్లి పూర్తి చార్జీ ఇచ్చుకుంటున్నది, వయస్సు తగ్గించి చెప్పిన ఆమె సగంతో దిగిపోతున్నది. కండక్టర్ అడిగినప్పుడు ఏళ్లు చెప్పేకంటె పుట్టిన తేదీ చెప్పడం మేలు. ఆధార్ కార్డు నకలు దగ్గర పెట్టుకుంటే మాటే పెరగదు.

ఆధార్‌లో పడిన తేదీ నిజమైనదేనా అన్నది వేరే కథ. బడిలో చేర్పించేనాడు పంతులుగారు తోచిన తేదీ వేయడం, అదే తరువాత అన్ని కాగితాల్లోకి ఎక్కడం పెద్దవాళ్లలో చాలామందికి అనుభవమే. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఇతర పనులకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ప్రధానం. ఆ పిల్లలకు 5 ఏళ్లు నిండి టిక్కెట్టు అవసరమయ్యేది 2028 అక్టోబర్ తరువాత. అంతవరకు ఈ తగాదా నడుస్తూనే వుంటుంది.

చైనాలో ఈ బెడద మరో రకంగా వుండేది. అక్కడ రైళ్లలో పిల్లల టిక్కెట్టును ఎత్తును బట్టి నిర్ణయించేవారు. ఏపుగా ఎదిగిన పిల్లల తల్లిదండ్రులు గోల పెట్టగా, 2023 జనవరి 1 నుంచి వయస్సును బట్టి ఇస్తున్నారు. 6 నుంచి 14 ఏళ్ల లోపు వారికి అక్కడ రాయితీ వున్నది. మనం ఎత్తు చూడడం లేదని సంతోషించవలసినదే గాని, నూనూగు మీసం చూడడం మాత్రం మానలేదు.

అన్నకు చార్జీ, చెల్లికి సున్నా

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన స్త్రీలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు గుర్తింపు కార్డు చూపి సున్నా చార్జీ టిక్కెట్టుతో ప్రయాణం చేయవచ్చు. చార్జీ లేకపోయినా టిక్కెట్టు తీసుకోవడం తప్పనిసరి. ఆ టిక్కెట్ల లెక్క మీదనే ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించాలి. సూపర్ లగ్జరీ, ఎ.సి. బస్సులకు, పొరుగు రాష్ట్రాలకు వెళ్లే సర్వీసులకు ఇది వర్తించదు. హైదరాబాదు బస్సెక్కిన తల్లికి పూర్తి చార్జీ, ఎనిమిదేళ్ల కూతురికి సగం చార్జీ షరా మామూలే.

ఈ పథకం వల్ల స్త్రీలకు కలిగిన మేలు గురించి వేరే చెప్పనక్కరలేదు. కూలి పనికి, ఆసుపత్రికి, పుట్టింటికి చేతిలో చిల్లర లేకున్నా బయలుదేరగలుగుతున్నారు. అయితే దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో హాఫ్ టిక్కెట్టు అన్నది ఇప్పుడు దాదాపు మగపిల్లల టిక్కెట్టుగా మిగిలింది. తల్లికి సున్నా, కూతురికి సున్నా, చంకలో పసివాడికి టిక్కెట్టే లేదు. ఆ కుటుంబం మొత్తానికి చార్జీ పడేది పన్నెండేళ్ల కుర్రవాడికి మాత్రమే!

ఈ తేడా 2025లో పుట్టినది కాదు. ఆర్‌.టి.సి. ఉచిత విద్యార్థి పాసులోనే వున్నది. బాలురకు 12 ఏళ్ల వరకు, అంటే ఏడో తరగతి దాకా, బాలికలకు 18 ఏళ్ల వరకు, అంటే పదో తరగతి దాకా ఇంటికీ బడికీ మధ్య ఉచిత పాసు ఇస్తారు. ఒకప్పుడు ఆడపిల్లను అయిదుతో మాన్పించే ఇళ్లు ఎన్నో వుండేవి. వారిని బడికి రప్పించేందుకు ఆ వయస్సు పెంచడం న్యాయమే. దాన్ని తగ్గించమని ఎవరూ అనడం లేదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే. మగపిల్లవాడి గీతను 12 దగ్గర ఎందుకు గీశారు?

ఈ దేశ చట్టాలు వేటినీ చూసి ఆ గీత గీసినట్టు లేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య అంటున్నది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 నిండనివాడు బాలుడు, 18 నిండేవరకు కౌమారుడు. ఓటు హక్కు 18కి. బస్సు కండక్టర్ దగ్గర మాత్రం 12 నిండగానే పెద్దమనిషి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి, అంటే ప్రాథమికోన్నత పాఠశాల నుంచి దూరపు హైస్కూలుకు మారే సరిగ్గా ఆ ఏడే, హాఫ్ టిక్కెట్టూ పోతున్నది, ఉచిత పాసూ పోతున్నది.

మనకు రైలును తెచ్చిన ఇంగ్లండులో నేడు 15 ఏళ్ల పిల్లవాడికి కూడా రైలులో సగం చార్జీయే. స్కాట్లండులో 2022 జనవరి 31 నుంచి 22 ఏళ్ల లోపు వారందరికీ, ఆడ మగ తేడా లేకుండా, బస్సు ఉచితం. అంత దూరం ఎందుకు, పక్కనున్న తమిళనాడులో బడిపిల్లలకు, బాలురైనా బాలికలైనా, ఉచిత బస్ పాసు ఏనాటినుంచో వున్నది. పాసు చేతికి అందకముందు యూనిఫారం చూసి ఎక్కించుకుంటారు.

పాసా, రోజువారీ టిక్కెట్టా?

12 దాటిన బాలుడికి మిగిలిన దారి విద్యార్థి రాయితీ పాసు. ఇది ఉచితం కాదు. దూరాన్ని బట్టి నెలకో, మూడు నెలలకో సొమ్ము కట్టాలి. అయినా రోజూ టిక్కెట్టు కొనడంతో పోలిస్తే ఎంతో చవక. ఒక లెక్క చూద్దాం. 2022 ఏప్రిల్‌లో పల్లెవెలుగు కనీస చార్జీ 10 రూపాయలు అయిన సంగతి విదితమే. బడి కొంచెం దూరమై ఒక వైపు చార్జీ 20 రూపాయలు అనుకుంటే, రానుపోను 40. నెలకు 25 బడి రోజులకు వెయ్యి రూపాయలు. పాసు వెల ఇందులో చిన్న భాగం. అయినా కొందరు తండ్రులు పాసు తీయించడానికి ఒకరోజు పని మానుకుని డిపోకు రావలసి వస్తుందని వాయిదా వేస్తున్నారు. నెల గడిచాక చూసుకుంటే పాసుకు మించి టిక్కెట్లకే పోయి వుంటుంది.

వేసవి సెలవుల అనంతరం బడులు తెరిచే జూన్ రెండో వారంలో పాసుల కౌంటర్ల దగ్గర తొక్కిసలాట ఏటా చూస్తున్నదే. స్టడీ సర్టిఫికెట్టు, ఆధార్ నకలు, ఫోటోలు ముందే సిద్ధం చేసుకున్నవారు గంటలో బయటపడతారు. ప్రధానోపాధ్యాయులు తమ పిల్లల జాబితా ఒకేసారి డిపోకు పంపితే తల్లిదండ్రులకు ఈ తిరుగుడు తప్పుతుంది. దీనికి కొత్త పథకమేమీ అక్కరలేదు, చొరవ వుంటే చాలు.

మరొక విషయం చాలామందికి తెలియదు. బడి దూరంగా వున్న పిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి 6000 రూపాయల దాకా రవాణా సహాయం ఇచ్చే నిబంధన వున్నది. పల్లెలో బడి మూతపడినా, పై తరగతులు మరో వూరికి మారినా తల్లిదండ్రుల కమిటీ మొట్టమొదట అడగవలసినది దీన్ని. 2022లో 117వ నంబరు జి.ఓ. మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించింది. 2025లో దాన్ని రద్దు చేశారు. ఈ మార్పులన్నిటిలో దూరం నడిచినది ఏడెనిమిదేళ్ల పిల్లలు.

రైలు వున్న వూరు, లేని వూరు

ఇక రైలు సంగతి. 2008-09 రైల్వే బడ్జెట్‌లో అప్పటి మంత్రి లాలూ ప్రసాద్ బాలికలకు డిగ్రీ వరకు, బాలురకు 12వ తరగతి వరకు ఇంటికీ విద్యాలయానికీ మధ్య రెండో తరగతి నెలవారీ సీజన్ టిక్కెట్టు ఉచితం చేశారు. అంటే ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడికి ఆర్‌.టి.సి. ఇవ్వనిది రైల్వే ఇస్తున్నది. విజయవాడ-గుడివాడ-మచిలీపట్నం లైను మీద వున్న ఇందుపల్లి, గుడ్లవల్లేరు, కవుతరం, పెడన వంటి వూళ్ల వారికి ఇది పెద్ద సదుపాయం. విద్యాసంస్థ అధిపతి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ ఫారాలు తెప్పించుకునే శ్రద్ధ అన్ని కాలేజీలకూ లేదు, అడిగితే తప్ప.

రైలు వేళ బడి వేళకు కుదరాలి గదా అన్నది న్యాయమైన అభ్యంతరమే. బండి దిగాక స్టేషను నుంచి ఆటో ఎక్కవలసి వస్తే ఉచిత సీజన్‌లో మిగిలినది అక్కడే ఖర్చవుతుంది. అన్నిటికంటె ముఖ్యం, దివిసీమకు రైలే లేదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పిల్లలకు బస్సు ఒక్కటే దిక్కు. గుడ్లవల్లేరు కుర్రవాడికి లభించే ఉచితం నాగాయలంక కుర్రవాడికి లభించకపోవడానికి కారణం పట్టాలు లేకపోవడమే తప్ప మరేమీ లేదు.

దూరప్రయాణాల్లో గుర్తుంచుకోవలసినది వేరు. 2016 ఏప్రిల్ 21 నుంచి స్లీపర్ వంటి రిజర్వేషన్ తరగతుల్లో 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు ప్రత్యేకంగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. బెర్తు వద్దంటేనే సగం. అంతకు ముందు సగం చార్జీకే బెర్తు వచ్చేది. ఈ మార్పుతో ఏడేళ్లలో 2800 కోట్ల రూపాయలకు పైగా అదనపు ఆదాయం వచ్చినట్లు సమాచార హక్కు కింద అడిగిన ప్రశ్నకు జవాబుగా 2023లో వెల్లడైంది. అదే జవాబు ప్రకారం ఆ ఏడేళ్లలో 10 కోట్లకు పైగా పిల్లలకు పూర్తి చార్జీతో బెర్తు తీసుకున్నారు, 3.6 కోట్లకు పైగా పిల్లలు బెర్తు లేకుండా సగంతో వెళ్లారు. తిరుపతికి రాత్రి బండిలో వెళ్లే కుటుంబం ఆరేళ్ల పిల్లను తల్లి పక్కన సర్దుకుంటే సగంతో సరిపోతుంది. పదకొండేళ్ల వాడిని అలా సర్దితే ఇద్దరికీ నిద్ర వుండదు. 5 ఏళ్ల లోపు వారికి కూడా టిక్కెట్టు పెట్టారని 2022 ఆగస్టులో ఒక వదంతి లేచింది. ప్రత్యేకంగా బెర్తు కోరితేనే సొమ్ము, లేకుంటే ఉచితమే అని రైల్వే శాఖ వివరణ ఇచ్చింది.

ఒంటరిగా ప్రయాణించే పిల్లల గురించి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన రక్షణ ఒకటి రైల్వే చట్టంలో వున్నది. 1989 నాటి ఆ చట్టం 139వ సెక్షను ప్రకారం, వెంట మగ ప్రయాణికుడు లేని స్త్రీని గాని పిల్లను గాని టిక్కెట్టు లేదని ఎక్కడపడితే అక్కడ దించివేయరాదు. ఎక్కిన స్టేషనులో గాని, జంక్షనులో గాని, చివరి స్టేషనులో గాని, జిల్లా కేంద్రంలో గాని, అదీ పగటి పూటనే దించాలి. మన లైనులో అయితే గుడివాడ జంక్షన్, విజయవాడ, మచిలీపట్నం. చీకటి పడ్డాక ఏ చిన్న హాల్టులోనో దింపడానికి వీలులేదు. సీజన్ టిక్కెట్టు ఇంట్లో మరచిపోయిన పిల్లవాడికి ఈ సంగతి ముందే చెప్పి వుంచాలి.

పాసు వుంది, బస్సేదీ?

టిక్కెట్టు ఉచితమైనంత మాత్రాన బడికి చేరినట్లు కాదు. ఉదయం ఎనిమిది గంటల వేళ నిండుగా వచ్చిన బస్సు స్టాపు దాటి వెళ్లిపోతే చేతిలో ఏ పాసు వున్నా ఒకటే. అప్పుడు తొమ్మిదో తరగతి కుర్రవాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాడు, లేదా తండ్రి మోటారు సైకిలు తీస్తున్నాడు, లైసెన్సు వయస్సు రాకుండానే.

కృష్ణా జిల్లా బస్సుల జాతీయకరణ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి పాతతరం వారికి తెలుసు. గుళ్లపల్లి నాగేశ్వరరావు, తదితర ప్రైవేటు బస్సు యజమానులు వేసిన కేసులో, అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయించినది మరొకరు అన్న కారణంగా 1958లో ప్రభుత్వ ఉత్తర్వును కోర్టు కొట్టివేసింది. మళ్లీ విచారణ జరిపాక 1959లో ఆర్‌.టి.సి. పక్షాన తీర్పు వచ్చింది. ఆనాటి మోటారు వాహనాల చట్టం జాతీయకరణకు చూపిన కారణాలలో సర్వీసు చాలినంతగా వుండాలి, చవకగా వుండాలి అన్న రెండూ వున్నాయి. చవక అన్నది సగం మంది ప్రయాణికులకు సున్నా దాకా వచ్చింది. చాలినంత అన్నది దివిసీమలో ఉదయం ఎనిమిది గంటలకు ఏ స్టాపులో నిలబడినా ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.

బాలుర ఉచిత పాసు వయస్సును పదో తరగతి దాకా పెంచడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క తీయడం ఆర్‌.టి.సి.కి కష్టం కాదు. రాయితీ పాసు తీసుకుంటున్న ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల బాలురు ఎందరో, వారు కడుతున్నది ఎంతో సంస్థ కంప్యూటర్లలోనే వున్నది. ఆ అంకెను శాసనసభలో అడిగి రాబట్టవలసిన వారు డెల్టా నియోజకవర్గాల శాసనసభ్యులు.